మాస్కు లోపలి చీకటి

కరోనా పూర్తిగా సర్దుమణిగిన మరుసటి ఏడాది, సార్వా కోతలు అయిపోయి దాళ్వా నాట్లు పడుతున్న రోజుల్లో, రాజమండ్రిలో ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రిలో చీఫ్ రేడియోథెరపీ టెక్నాలజిస్ట్‌గా చేరాను. అంతకుముందు విశాఖలోనూ గుంటూరులోనూ పనిచేసినదాన్ని. ఉద్యోగంలో నాకు అదే చివరి మజిలీ అవుతుందని తెలిసే వచ్చాను. సొంత ప్రాంతానికి దగ్గరగా ఉండాలనిపించింది.

రేడియేషన్ అనగానే డాక్టరు గారే మిషన్ దగ్గర నిలబడి మీట నొక్కుతారని చాలామంది అనుకుంటారు. మా విభాగంలో పని మూడు చేతుల మీదుగా సాగుతుంది. ఎక్కడ, ఎంత మోతాదు ఇవ్వాలో రేడియేషన్ ఆంకాలజిస్ట్ నిర్ణయిస్తారు. ఆ మోతాదు అక్కడికే చేరి, పక్కనున్న మంచి భాగాలకు వీలైనంత తక్కువ తగిలేలా కిరణాలు ఏయే కోణాల నుంచి రావాలో మెడికల్ ఫిజిసిస్ట్ కంప్యూటర్‌లో లెక్కగడతారు. రోజూ ఆ మనిషిని బల్ల మీద సరిగ్గా అదే భంగిమలో పడుకోబెట్టి, మిషన్ నడిపేది టెక్నాలజిస్ట్. డాక్టరు గారిని పేషెంట్ వారానికోసారి చూస్తారు. మమ్మల్ని రోజూ చూస్తారు.

నోటి క్యాన్సర్లు, గొంతు క్యాన్సర్లు మాకు రోజువారీ పనే. ముక్కు లోపల వచ్చేవి అరుదు. అవి ఉండే చోటు కూడా చాలా ఇరుకు. ముక్కు పైభాగానికీ కంటి గూటికీ మధ్య ఉండే ఎముక కాగితమంత పల్చన. పైన మెదడు, వెనక చూపు నరాలు. అలాంటి చోట తల ఒక్క పిసరు కదిలినా కిరణం పడాల్సిన చోట పడదు, పడకూడని చోట పడుతుంది. అందుకే తల కదలకుండా ముఖానికి అచ్చుగా ఒక ప్లాస్టిక్ మాస్కు తయారుచేస్తాం. నేను చెప్పబోయేదంతా ఆ మాస్కు గురించే.

ఒక ఉదయం మా కారిడార్‌లోకి ఇద్దరు వచ్చారు. ముందు అరవైకి దగ్గరపడుతున్న ఒకావిడ. ఆవిడ భుజం మీద చెయ్యి వేసుకుని, వెనక నల్ల కళ్ళద్దాలతో ఒక పెద్దాయన. మా అటెండరు పరుగున వెళ్ళి చక్రాల కుర్చీ తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

“ఆయన కాదండి, పేషెంట్‌ని నేను,” అన్నారావిడ, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

ఆవిడ పేరు రాజ్యలక్ష్మి. ఆయన సోమరాజు గారు. పెనుగొండ దగ్గర ఒక పల్లె. కొంత వరి, కొంత రొయ్యల చెరువు. రాజు గారికి షుగరు వల్ల రెండు కళ్ళూ పోయి పదేళ్ళు దాటింది. అప్పటి నుంచి పేపరు చదివి వినిపించడం, ఇన్సులిన్ సూది వెయ్యడం, చెరువు గట్టు మీదికి తీసుకెళ్ళడం అన్నీ ఆవిడే. ఎడమ ముక్కు మూసుకుపోయి, అప్పుడప్పుడూ రక్తం పడుతుంటే సైనస్ అనుకుని నెలల తరబడి చుక్కల మందు వేసుకున్నారు. చివరికి భీమవరంలో ముక్కు డాక్టరు గొట్టం పెట్టి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపారు. విశాఖలో సర్జరీ చేసి గడ్డ తీసేశారు. మిగిలిపోయిన కణాలేవైనా ఉంటే అవి కూడా పోవడానికి రేడియేషన్ కోసం మా దగ్గరికి పంపారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాల పైచిలుకు వైద్యం.

మాస్కు గురించి ముందుగా చెప్పడానికి డాక్టరు గారు నన్ను కూడా తన గదికి పిలిచారు. వయసులో చిన్నవారైనా దేన్నీ దాచి చెప్పే అలవాటు లేనివారు. ఎడమ కన్ను పొడిబారుతుందని, తర్వాత శుక్లం రావచ్చని, ఆ కంటి చూపు తగ్గిపోయే ప్రమాదం కొంత ఉందని, కుడి కంటికి మాత్రం ఇబ్బంది ఉండకపోవచ్చని వివరించారు. వాసన కూడా చాలావరకు పోతుందన్నారు.

వాసన మాట రాజ్యలక్ష్మి గారు పట్టించుకోలేదు.

“మా ఇద్దరికీ కలిపి చూసేది నేనేనండి. కంటి పక్కన కాస్త తక్కువ పెట్టి వదిలెయ్యకూడదా?”

“తక్కువ పెడితే జబ్బు మిగిలిపోతుందండి,” అన్నారు డాక్టరు గారు. “కంటిని ఎంత తప్పించగలమో అంతా తప్పిస్తాం. అంతకుమించి తప్పిస్తే వైద్యం చేసీ చెయ్యనట్టే.”

ఆవిడ మళ్ళీ ఏదో అడగబోయారు. ఈలోగా రాజు గారు అందుకున్నారు.

“డాక్టరు గారూ, కళ్ళు లేకుండా బతకడం నేను ఎలాగో నేర్చుకున్నానండి. ఆవిడ లేకుండా బతకడం ఈ వయసులో నేర్చుకోలేను. మీరు కానివ్వండి.”

ఆవిడ ఆయన వైపు కాసేపు చూసి, “సరే, మీ ఇష్టం,” అంటూ పెన్ను అందుకుని సంతకం పెట్టారు.

మాస్కు చేసే రోజున ముక్కుపుడక దగ్గర ఆగాల్సి వచ్చింది. కిరణం పడే చోట లోహం ఉండకూడదు. స్కానులో నీడలు పడతాయి, మోతాదు లెక్క తప్పుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ దాన్ని తియ్యలేదట. సర్జరీ అప్పుడు కూడా కుడివైపుదే కదా అని ప్లాస్టరు అంటించి వదిలేశారట. మా నర్సు ప్రయత్నించింది, నేను ప్రయత్నించాను. లోపలి మర బిగుసుకుపోయి తిరగలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నొప్పికో మరెందుకో తెలియదు. “ఆయన్ని పిలవండమ్మా,” అన్నారు. రాజు గారు వచ్చి, ఆవిడ గడ్డం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్ళతో తడుముతూ మెల్లగా తిప్పారు. కాసేపటికి పుడక ఆయన అరచేతిలో ఉంది. వైద్యం ముగిసేసరికి ఆ రంధ్రం పూడుకుపోయింది. కిరణం తగిలిన చర్మాన్ని మళ్ళీ కుట్టించవద్దని డాక్టరు గారు చెప్పడంతో ఆవిడ ముక్కు తర్వాత బోసిగానే ఉండిపోయింది.

మాస్కు చెయ్యడం కష్టమేమీ కాదు. కన్నాలున్న ప్లాస్టిక్ పలకను వేడినీటి తొట్టిలో ముంచితే అప్పడాల పిండిలా మెత్తబడుతుంది. దాన్ని ముఖం మీద లాగి పరిచి, అంచులు కింది పలకకు బిగిస్తాం. కొద్ది నిమిషాల్లో చల్లారి, ముక్కు, నుదురు, గడ్డం అచ్చు దిగి గట్టిపడుతుంది. మెత్తగా, వెచ్చగా ఉన్నప్పుడు ఎవరికీ భయం వెయ్యదు. రాజ్యలక్ష్మి గారు కూడా, నా చెయ్యి పట్టుకుని, చక్కగా పడుకున్నారు. స్కాన్ తీశాం. దాని మీద డాక్టరు గారు గీతలు గీశారు, ఫిజిసిస్ట్ గారు ప్లాన్ తయారుచేసి మిషన్ మీద పరీక్షించి చూసుకున్నారు. అందుకు వారం పట్టింది.

ఇబ్బంది మొదటి సిట్టింగు రోజున వచ్చింది. గట్టిపడ్డ మాస్కు బిగించేసరికి కనురెప్పలు మూతపడిపోయాయి. నాలుక కదలకుండా పళ్ళ మధ్య పెట్టే బిరడా వల్ల మాట్లాడటానికీ లేదు. ఏదైనా ఇబ్బంది ఉంటే చెయ్యి ఎత్తమని చెప్పి మేం బయటికి వచ్చాం. కాంక్రీటు గోడల ఆ గదికి బరువైన తలుపు ఒకటి ఉంటుంది. అది మూసుకుంటే లోపల పేషెంట్ ఒక్కరే. మేం కన్సోల్ గదిలో కూర్చుని టీవీలో చూస్తూ, మైకులో మాట్లాడుతూ మిషన్ నడుపుతాం.

తలుపు పూర్తిగా మూసుకోకముందే ఆవిడ చెయ్యి లేచింది. పరుగెత్తి మాస్కు తీశాం. ఆవిడ లేచి కూర్చుని, “ఊపిరాడట్లేదండీ,” అన్నారు. మాస్కుకు ముక్కు దగ్గర, నోటి దగ్గర గాలి బాగా ఆడుతుందని చూపించి మళ్ళీ పడుకోబెట్టాం. మళ్ళీ చెయ్యి లేచింది. మర్నాడు డాక్టరు గారు ఆందోళన తగ్గడానికి మాత్ర రాశారు. మాత్ర వేసుకున్నా అంతే. కళ్ళ దగ్గర మాస్కు కత్తిరించవచ్చా అని ఫిజిసిస్ట్ గారిని అడిగాను. వేరే చోట జబ్బయితే సరే గాని, ఈ కేసులో అక్కడే బిగువు కావాలి అన్నారు. రోజూ మత్తు ఇచ్చి ఆరు వారాలు చెయ్యడం మాటలు కాదు. సర్జరీ తర్వాత రేడియేషన్ మొదలుపెట్టడానికి ఒక గడువు ఉంటుంది, అది దగ్గర పడుతోంది. మా జూనియరు ఆ రోజు చార్టులో ‘పేషెంట్ సహకరించడం లేదు’ అని రాశాడు. మా వృత్తిలో అలా రాయడం మామూలే.

బట్టలు మార్చుకునే గదిలో ఆవిడ పక్కన కూర్చున్నాను.

“నా వల్ల కాదమ్మా, ఇంటికి వెళ్ళిపోతాం,” అన్నారు.

“నొప్పిగా ఉంటోందా అండీ?”

“నొప్పి కాదు. చీకటి. ఒక్క నిమిషం ఉండలేకపోతున్నాను.” గొంతు తగ్గించి అన్నారు. “పదేళ్ళ నుంచి ఆయన్ని చెయ్యి పట్టుకుని తిప్పుతున్నాను. అన్నం కలిపి పెడతాను, పేపరు చదువుతాను. అందులో ఎలా ఉంటున్నారండీ అని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ రోజు మాస్కు పెట్టగానే అదే గుర్తొచ్చింది.”

బయట బెంచీ మీద రాజు గారు కూర్చుని ఉన్నారు. వెళ్ళి జరిగింది చెప్పాను, చీకటి సంగతి కూడా. ఆయన చాలాసేపు తల వంచుకుని విన్నారు. తర్వాత ఆ మాస్కు ఒకసారి తెచ్చి చేతికివ్వమన్నారు. తెచ్చి ఇచ్చాను. రెండు చేతులతో లోపలా బయటా తడిమారు. నుదురు, బుగ్గలు, గడ్డం కింద నొక్కు. “ఆవిడ మొహమేనండి,” అన్నారు. అప్పుడు లోపల ఏయే చప్పుళ్ళు వస్తాయి, ఏది ముందు, ఏది తర్వాత అని అడగడం మొదలుపెట్టారు. నాకు తెలిసినంత చెప్పాను. వినకుండా అర్థం కాదన్నారు.

మర్నాడు పొద్దున, పేషెంట్లు ఎవరూ రాకముందు, మిషన్‌ను పరీక్షించుకునే సమయంలోనూ, ఆ తర్వాత ఆవిడ సిట్టింగు జరిగేటప్పుడూ ఆయన్ని కన్సోల్ గదిలో కూర్చోబెట్టడానికి డాక్టరు గారి అనుమతి తీసుకున్నాను. సాధారణంగా బయటివాళ్ళను అక్కడికి రానివ్వం. అక్కడ కిరణాల ప్రమాదం ఉండదు గాని, ఇతర పేషెంట్ల వివరాలు ఉంటాయి, మా ధ్యాస చెదరకూడదు. రేడియేషన్ భద్రత బాధ్యత ఫిజిసిస్ట్ గారిదే కాబట్టి ఆయన్నీ అడిగాను. రోజూ పొద్దున మొదటి సిట్టింగు టైము ఆవిడకే ఇచ్చేద్దాం, అప్పుడు ఇంకెవరూ ఉండరు, అన్నారాయన. ఖాళీ గదిలో మిషన్ తిరిగింది. రాజు గారు స్పీకరుకు చెవి ఒగ్గి మొదటినుంచి చివరిదాకా విన్నారు. ఇంకోసారి వినిపించమన్నారు.

తర్వాత ఆవిడను పిలిచి, నా ఎదురుగానే అడిగారు.

“రాజ్యం, లోపల కళ్ళు తెరవాలని చూస్తున్నావా?”

“చూడకుండా ఎలాగండీ? రెప్ప లేవట్లేదు. అప్పుడే ఊపిరి ఆగిపోతున్నట్టుంటోంది.”

“అదే. మొదట్లో నేనూ అలాగే చేశాను. పొద్దున్నే లేచి, ఇవాళైనా ఏమన్నా ఆనుతుందేమోనని కళ్ళు చించుకుని చూసేవాణ్ణి. ఎంత చూస్తే అంత భయం. ఒక రోజు చూడటం మానేసి, వినడం మొదలుపెట్టాను. నువ్వు వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు బట్టి నీకు కోపంగా ఉందో లేదో తెలిసిపోయేది.”

“మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“చెబితే నువ్వు గిన్నెలు నెమ్మదిగా పెడతావు కదా.”

ఆవిడ నవ్వబోయి, పైట కొంగు కళ్ళకు ఒత్తుకున్నారు. ఆయన చప్పుళ్ళన్నీ వరసగా చెప్పారు. తలుపు గుర్రుమంటుంది, ఆ తర్వాత కాసేపు ఏసీ చప్పుడొక్కటే. మిషను తిరిగేటప్పుడు మిల్లులో బెల్టు తిరిగినట్టుంటుంది. కిరణం వచ్చేటప్పుడు తుమ్మెద రొద. రొద ఆగితే అయిపోయినట్టు. “ఈ రోజుకి నువ్వేం చూడొద్దు. నేను చెప్పిన దారిన నడువు, చాలు.”

మాస్కు బిగించాం. బయటికి వచ్చాం. తలుపు మూసుకుంది. టీవీలో ఆవిడ వేళ్ళు బల్ల అంచును గట్టిగా పట్టుకోవడం కనిపించింది. రాజు గారి ముందుకు మైకు జరిపి మీట నొక్కాను.

“రాజ్యం, మన గుమ్మం దిగాం. కుడి చేతి వైపు పంపు. కాలికింద ఇసక తగులుతోంది కదా, అంటే పక్కింటివాళ్ళ మేడ ఇంకా పూర్తవలేదన్నమాట. ఇటు తిరిగితే గాలి చల్లబడుతుంది, కాలవ వచ్చింది...”

ఆయన రోజూ నడిచే దారి అది. ఆవిడ రోజూ చూసే దారి. ఆయన చెబుతున్నది అందులో వినపడేవీ, కాలికి తగిలేవీ. ముందు తల సరిగ్గా ఉందో లేదో చూడటానికి చిన్న స్కాన్ తీసి, ప్లాన్‌తో సరిపోల్చుకున్నాం. సరిపోయింది. ఆవిడ వేళ్ళు మెల్లగా వదులయ్యాయి. కిరణాల బీమ్ ఆన్ చేశాను. వాళ్ళిద్దరూ కాలవ దాటి, మిల్లు పక్కనుంచి చెరువు గట్టెక్కేసరికి సిట్టింగు అయిపోయింది. మాస్కు తియ్యగానే ఆవిడ నన్ను చూసి అన్న మొదటి మాట, “ఆ పంపు ఎడమ చేతి వైపండి. ఆయన మర్చిపోయారు.” రాజు గారు మాత్రం తాను ఇంటికి తిరిగొచ్చేటప్పటి లెక్క చెప్పానని, అప్పుడది కుడివైపేనని వాదించారు.

తర్వాత రోజూ ఒక దారి. ఒక రోజు పెనుగొండ అమ్మవారి గుడికి, ఒక రోజు ఆవిడ పుట్టింటికి, ఒక రోజు మొగల్తూరు మీదుగా సముద్రం ఒడ్డుకు. ఒకసారి దారికడ్డంగా పడుకున్న గేదె వచ్చింది. “నువ్వు అదిలిస్తే లేవదు, నేను దగ్గితే లేస్తుంది. ఇంట్లో కన్నా దాని దగ్గరే నాకు మర్యాద,” అన్నారాయన. టీవీలో ఆవిడ పొట్ట కదలడం చూసి చటుక్కున బీమ్ ఆపాను. “నవ్వించకండి రాజు గారూ,” అంటే, “తప్పయిపోయిందండి,” అని ఆ పూట మిగతా దారంతా పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పారు.

మూడో వారం దాటాక అసలు బాధలు మొదలయ్యాయి. ముక్కు లోపల చెక్కులు కట్టాయి, నోట్లో పుళ్ళు, ఎడమ బుగ్గ కమిలి నల్లబడింది. వాసన పోయింది. దాంతో రుచీ పోయింది. చారన్నం తప్ప ఏదీ దిగేది కాదు. మనిషి తగ్గడంతో మాస్కు వదులైంది. వదులు మాస్కుతో చెయ్యకూడదు కాబట్టి కొత్తది చేసి, మళ్ళీ స్కాన్ తీసి, ప్లాన్ సరిచేశారు. కొత్త మాస్కు బిగించేటప్పుడు నేను పక్కన నిలబడ్డాను గాని, ఆవిడ నా చెయ్యి అడగలేదు.

ఆ తర్వాత ఒక ఉదయం ఆవిడ ఒక్కరే వచ్చారు. రాజు గారికి జ్వరం. వైద్యం కోసం ఊళ్ళో తీసుకున్న అద్దె గదిలో పడుకోబెట్టి, ఆ ఇంటివాళ్ళను చూస్తుండమని చెప్పి వచ్చారట. నాకు కంగారుగా అనిపించింది. “ఫోను కలిపి మైకు దగ్గర పెట్టమంటారా అండీ?” అని అడిగాను.

“వద్దమ్మా. పడుకోనివ్వండి. ఈ రోజు నేనే నడిచొస్తాను. ఆయన్ని కూడా తీసుకుని.”

తలుపు మూసుకుంది. టీవీలో ఆవిడ చూపుడు వేలు బల్ల మీద నెమ్మదిగా తడుతూ ఉంది, అడుగులు వేస్తున్నట్టు. చెయ్యి మాత్రం లేవలేదు. రొద ఆగినప్పుడు వేలు కూడా ఆగింది. ఏ దారిన వెళ్ళారని నేను అడగలేదు.

వైద్యం అనుకున్నట్టే పూర్తయింది. మూడు నెలల తర్వాత తీసిన స్కాన్‌లో జబ్బు జాడ లేదు. నేను పదవీ విరమణ చేసేదాకా వచ్చిన ప్రతి పరీక్షలోనూ లేదు. వాసన మాత్రం తిరిగి రాలేదు. అన్నం మాడుతుంటే రాజు గారే చెప్పాల్సి వచ్చేదట. ఎడమ కన్ను పొడిబారి, రెండో ఏడు శుక్లం వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నాక కొంత చూపు వచ్చింది, మునుపటంత కాదు. పేపరు కుడి కంటితో చదివి వినిపిస్తున్నానని చివరిసారి వచ్చినప్పుడు చెప్పారు. సాయంత్రం కరెంటు పోతే ఇప్పుడు వెంటనే దీపం కోసం లేవనని, కాసేపు ఆయన పక్కన అలాగే కూర్చుంటానని కూడా అన్నారు.

ఈ కేసు తర్వాత మా విభాగంలో పద్ధతి కొంత మారింది. తల, మెడ భాగాలకు మాస్కు వేసే ప్రతి పేషెంట్‌కూ మొదటి సిట్టింగుకు ముందు రోజు కిరణం లేకుండా ఒక ఉత్తుత్తి సిట్టింగు చేయించాం. గదిలో వచ్చే చప్పుళ్ళన్నీ వరసగా ముందే వినిపించాం. మైకులో ఎవరి గొంతు కావాలో అడిగాం. కొందరు పాటలు చాలన్నారు, కొందరు ఎవరూ వద్దన్నారు, కొందరు ఇంట్లోవాళ్ళ పేరు చెప్పారు. చార్టులో ‘సహకరించడం లేదు’ అనే మాట రాయడం మానిపించాను. దానికి బదులు ఏది భరించలేకపోతున్నారో అది రాయమన్నాను: చీకటి, బిగువు, ఒంటరితనం, దగ్గు, ఏదైతే అది. కారణం రాస్తే దానికి ఏం చెయ్యాలో ఎవరో ఒకరికి తడుతుంది. ముప్పై ఏళ్ళ పైబడిన ఉద్యోగంలో మిషన్లు చాలాసార్లు మారాయి, ప్రతిసారీ కొత్తగా నేర్చుకున్నాను. మనిషిని కదలకుండా పడుకోబెట్టే పని సగమే మాస్కుదని, మిగతా సగం ఆ మనిషి ఒప్పుకుని చెయ్యాల్సిందని మాత్రం రాజ్యలక్ష్మి గారి దగ్గరే తెలుసుకున్నాను.